పక్కన పెట్టిన తొమ్మిదో బ్లాకు

నేను ముప్పై ఆరేళ్లకు రిటైరయ్యాను. దీన్ని రాజీనామా అంటారని నాకూ తెలుసు. కానీ రాజీనామా అంటే అమ్మ ఏడుస్తుంది. రిటైర్‌మెంట్ అంటే "అరవై ఎప్పుడు నిండినయ్‌రా నీకు?" అని నవ్వుతుంది. నవ్వే నయమని ఆ మాటే ఖాయం చేశాను.

పన్నెండేళ్లు నేను చేసిన పని పిల్లలకు బుద్ధి పరీక్షలు పెట్టడం. పురానాపూల్ దగ్గర ఒక పాత మేడ పైఅంతస్తులో మా కేంద్రం ఉండేది. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక స్టాప్‌వాచీ, పరీక్ష సామాను పెట్టుకునే ఒక సూట్‌కేసు. మాకు అదే ప్రయోగశాల. తలుపు మీద "పరీక్ష జరుగుచున్నది. లోనికి రారాదు" అని బోర్డు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇప్పుడు ఆ సూట్‌కేసు పట్టుకుని నన్ను సలహా అడుగుతున్నారు. చెప్పగలిగింది ఒకే ఒక పిల్ల గురించి. మిగతావన్నీ పుస్తకంలో ఉన్నాయి, అక్షరదోషాలతో సహా.

నాన్న గడియారం

మాది కార్వాన్. నాన్న ఒక చిన్న గుళ్లో అర్చకుడు. గుడి గోడ మీది గడియారం పన్నెండు నిమిషాలు ముందు నడిచేది. పదకొండు కాదు, పదమూడు కాదు, ఏడాది పొడుగునా పన్నెండే. బాగు చేయిద్దామంటే నాన్న ఒప్పుకునేవాడు కాదు. "అది ఖరాబ్ గాలేదురా. దాని పద్ధతే గంత" అనేవాడు.

ఎన్నిసార్లు కొలిచినా ఒకే తీరుగా చెప్పడాన్ని మా శాస్త్రంలో విశ్వసనీయత అంటారు. ఆ లెక్కన నాన్న గడియారానికి నూటికి నూరు. కొలవాలనుకున్నదాన్నే కొలుస్తోందా అన్నది సప్రమాణత. అక్కడ మా గడియారం ఫెయిల్. మూడోది న్యాయం. నాన్న మధ్యాహ్నం ఆ గడియారం చూసే గుడి తలుపు మూసేవాడు. సరైన టైముకు వచ్చిన భక్తులు మూసిన తలుపు ముందు నిలబడి, తామే ఆలస్యమయ్యామనుకుని చెంపలు వేసుకుని వెళ్లిపోయేవాళ్లు.

ఎంఏలో రెండేళ్లు చదివినదంతా ఇంతే. ఇంట్లో గోడకు వేలాడుతుంటే నేను యూనివర్సిటీ దాకా వెళ్లాను. వెళ్లి వచ్చాక కూడా, మూసిన తలుపు ఎదురైనప్పుడు గడియారాన్ని అనుమానించలేదు.

మేడమ్

మా పైఅధికారి మేడమ్‌ది కాకినాడ వైపు. పాతికేళ్ల అనుభవం. గొంతు పెంచి ఎరగదు. నేను చేరిన మొదటి రోజు మూడు సంగతులు చెప్పింది.

"చూడండీ, పరీక్ష మధ్యలో పిల్లలకి సాయం చెయ్యకూడదు. పుస్తకంలో ఉన్న మాట తప్ప మీ సొంత మాట వాడకూడదు. వాచీ ఆపకూడదు. ఈ మూడూ పాటిస్తే మీరు మంచి పరీక్షకులండీ."

"నవ్వొచ్చా మేడమ్?"

"పిల్ల సరైన జవాబు చెప్పినా, తప్పు చెప్పినా ఒకేలా నవ్వగలిగితే నవ్వండి."

అప్పట్నుంచి నాకు ఆ ఒకేలాంటి నవ్వు అలవాటైంది. చెల్లెలు దాన్ని పాస్‌పోర్ట్ ఫోటో నవ్వు అంటుంది.

మేడమ్‌ని విలన్ని చేయడం తేలిక. ఆమె చెప్పిన మూడూ సరైనవే కాబట్టి చేయలేను. ఒక పిల్లకు సాయం చేసి ఇంకో పిల్లకు చేయకపోతే పోల్చడానికేమీ మిగలదు. తప్పు ఆ మూడింటిలో లేదు. పరీక్ష అయిపోయి వాచీ ఆగిపోయాక మాట్లాడకూడదని ఆమె చెప్పలేదు. ఆ నాలుగోది నేనే కలుపుకున్నాను. నియమాలు పాటించేవాడికి బద్ధకం కూడా నియమంలాగే కనపడుతుంది.

రాజేశ్వరి

తొమ్మిదేళ్లు. మూడో తరగతి. రెండు జడలు, ఒక రిబ్బను. రెండోది దారిలో పడిపోయిందట. వాళ్లమ్మ సుగుణమ్మ తీసుకొచ్చింది. బడి హెడ్మాస్టరు రాసిచ్చిన చీటీ ఆమె చేతిలో ఉంది: పిల్ల చదువులో వెనకబడింది, బుద్ధి పరీక్ష చేయించి కాగితం తెండి. కాగితంలో అంకె తక్కువగా ఉంటే పిల్లను ఆ బడి నుంచి తీసేసి, బహదూర్‌పురాలోని ప్రత్యేక బడికి పంపుతారు. సుగుణమ్మకు ఆ సంగతి తెలుసు.

"సార్, మా పిల్లను బడిలకెళ్లి తీసేయకుంట రాయిండ్రి" అంది కూర్చోకముందే.

"నేను రాసేది కాదమ్మా, పరీక్షల వచ్చిందే రాస్త."

"పరీక్ష మీరే పెడ్తరు గద సార్?"

నేను పుస్తకం తెరిచాను.

మొదట మాటల ప్రశ్నలు. తెలుగు అనువాదం ఎవరు చేశారో గాని, శాసనం చెక్కించినట్టు చేశారు. నేను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివాను. "గృహమందు నీవు ఒంటరిగా ఉన్నపుడు అపరిచితులు తలుపు తట్టినచో ఏమి చేయుదువు?"

రాజేశ్వరి నన్ను జాలిగా చూసింది. "ఒంటరిగ అంటే?"

అంతవరకు చెప్పవచ్చు. "ఎవ్వరు లేకుంట."

"మా ఇంట్ల ఎవ్వరు లేకుంట ఎప్పుడుంటది సార్?"

ప్రశ్న మళ్లీ చదివాను. పుస్తకం ప్రకారం ఒకసారి మళ్లీ చదవొచ్చు.

"తలుపు తట్టరు సార్. పరదా ఉన్నది. పరదాను ఎట్ల తడ్తరు?"

ఒకేలాంటి నవ్వు నవ్వి, సున్నా వేశాను. రెండు గదుల్లో తొమ్మిది మంది ఉండే ఇల్లు, తలుపు బదులు పరదా. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటి లేదు. పుస్తకం వెనక ఇచ్చిన సరైన జవాబుల్లో మాత్రం ఆ ఇల్లు లేదు.

తర్వాత బ్లాకులు. తొమ్మిది చెక్క ఘనాలు. కొన్ని వైపులు ఎరుపు, కొన్ని తెలుపు, కొన్ని సగం సగం. బొమ్మ చూపించి, అదే నమూనా బ్లాకులతో పేర్చమంటాం. వాచీ నొక్కుతాం. మాటలతో పని లేదు కాబట్టి ఈ భాగం అందరికీ సమానమని మా నమ్మకం.

రాజేశ్వరి బ్లాకు తీసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించింది. ఆరు వైపులా చూసి కింద పెట్టింది. ఇంకోటి తీసింది. మళ్లీ దొర్లించడం, చూడటం. వాచీ నడుస్తోంది. నాలుగు బ్లాకుల నమూనాలు అన్నీ పేర్చింది గాని, ఆలస్యంగా. తొమ్మిది బ్లాకులవి ఒక్కటీ పూర్తి కాలేదు. ప్రతిసారీ ఎనిమిది పెట్టి, ఒకటి పక్కన ఉంచి, చేతులు ఒళ్లో పెట్టుకుని నావైపు చూసేది.

"అయిపోయిందా?"

"అయ్యింది సార్."

"నమూనా పూర్తి చేయలేకపోయింది" అని రాసుకున్నాను. నా చేతిరాత బాగుంటుంది. కాపీ పుస్తకంలో పెట్టొచ్చు.

ఒక్క మార్కు తేడా

అరవై నాలుగు వచ్చింది. మామూలు పిల్లలకు సగటున వంద వచ్చే లెక్క ఇది. డెబ్బై కంటే తక్కువ వస్తే మా కాగితం భాష మారిపోతుంది. సుగుణమ్మ మెట్ల మీద నిలబడి కదల్లేదు.

"ఆనాడు పిల్లకు జరం ఉండె సార్. ఇంకోపారి పెట్టుండ్రి."

జ్వరం లేదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా మేడమ్‌ని అడిగి రెండు నెలల తర్వాత మళ్లీ పెట్టాను. అవే ప్రశ్నలు, అదే పరదా, అవే తొమ్మిది బ్లాకులు, అదే దొర్లించడం. అరవై మూడు.

ఇప్పుడు ఒక సిగ్గుపడాల్సిన సంగతి. నాకు సంతోషం వేసింది. ఒక్క మార్కు తేడా! విశ్వసనీయత పాఠంలో ఉదాహరణగా పెట్టదగ్గ ఫలితం. కింద హోటల్లో మా అటెండరు మొయిన్ భాయ్‌కి కూడా చాయ్ చెప్పి, "భాయ్, నా చెయ్యి గడియారం లెక్క నడుస్తున్నది" అన్నాను. ఏ గడియారమో చెప్పలేదు.

ఆ హుషారులో రిపోర్టు చివర ఒక వాక్యం రాశాను. రాయమని ఎవరూ అడగలేదు. "రెండు పర్యాయములు దాదాపు ఒకే ఫలితము వచ్చినందున ఈ ఫలితము పూర్తిగా నమ్మదగినది."

కాగితం ఇస్తుంటే సుగుణమ్మ అంది, "ఇంట్ల మస్తు హుషారు సార్ ఇది. చిన్నచిన్న పనులన్ని ఇదే చూస్తది."

"ఇంట్ల వేరు, పరీక్ష వేరు అమ్మా" అన్నాను.

పన్నెండేళ్ల ఉద్యోగంలో నోటితో నేను చేసిన పెద్ద తప్పు ఈ నాలుగు ముక్కలే. ఇంట్లో ఏం చూస్తుందమ్మా, ఏ పనులు, అని అడిగితే ఇంకో చాయ్ తాగేంత సేపు పట్టేది. మధ్యాహ్నం ఇంకో ఇద్దరు పిల్లలున్నారు. అడగలేదు.

గాజుల దుకాణం

రాజేశ్వరిని బహదూర్‌పురా బడికి పంపేసి రెండేళ్లయింది. చెల్లెలి పెళ్లికి లక్క గాజులు కొనాలంటే మొయిన్ భాయ్ నన్ను తనతో లాడ్ బజార్‌కు తీసుకెళ్లాడు. కుర్రతనంలో అతను అక్కడే పనిచేశాడు. దుకాణం వెనక గదిలో ఒక ముసలామె గాజులకు రాళ్లు పొదుగుతోంది. రాయి తీసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించింది. చూసింది. ఒకటి పక్కన పడేసింది.

నేను గాజులు చూడటం మర్చిపోయాను.

"గదెందుకు పక్కకేసింది భాయ్?"

"రాయి వెనక కళాయి ఉంటది సార్, మెరుపు కోసం. అది జర గీసుకపోయినా, లక్కల పెట్టినంక నాల్గొద్దులల్ల నల్లగైతది. ఒక్క నగ్, అంటే ఒక్క రాయి, ఖరాబైతే జోడీ మొత్తం వాపసు. అందుకే ముందు వెనక తిప్పి చూసుడు, ఖరాబుది పక్కకు పెట్టుడు." నా చూపు ఎటుందో చూసి, "యాదికొచ్చిందా సార్, ఆ రెండు జడల పిల్ల?" అన్నాడు.

"నీకు తెలుసా?"

"చాయ్ తెచ్చినప్పుడు తలుపు అద్దంలకెళ్లి చూసిన. నగ్ ఏరే చెయ్యి అది. ఆ చెయ్యిని ఏడున్నా గుర్తుపడ్త."

"మరి చెప్పలేదేం భాయ్?"

"లోనికి రారాదని బోర్డు పెట్టినరు గద సార్" అన్నాడు మొయిన్ భాయ్. వెక్కిరింపు లేదు. నిజంగానే ఆ బోర్డు అతనే తుడిచేవాడు, రోజూ.

ఆఫీసుకు వెళ్లి పాత బీరువా తెరిచాను. పిల్లలు పేర్చిన ప్రతి నమూనాను మేం జవాబు పత్రంలో పెన్సిల్‌తో గీసుకుంటాం. రాజేశ్వరివి రెండు పత్రాలూ తీశాను. తొమ్మిది బ్లాకుల నమూనాలన్నిటిలో ఎనిమిది గళ్లు సరిగ్గా ఉన్నాయి. తొమ్మిదో గడి ఖాళీ. రెండుసార్లూ. గీసింది నేనే. చక్కగా, స్కేలు పెట్టి.

సూట్‌కేసు తెరిచి బ్లాకులు బయటికి తీశాను. ప్రతి సాయంత్రం వాటిని లెక్కపెట్టి పెట్టేవాణ్ని. తొమ్మిది ఉన్నాయా, ఉన్నాయి. లెక్కపెట్టేవాణ్ని గాని చూసేవాణ్ని కాదు. ఆ రోజు ఒక్కొక్కటీ దొర్లించి చూశాను. ఆరోదాని అంచున ఎరుపు రంగు లేచిపోయి ఉంది, బియ్యపు గింజంత.

పరదా వెనక

సూట్‌కేసు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. పరదా తట్టడం కుదరదు కనుక "సుగుణమ్మా" అని పిలిచాను.

లోపల ముగ్గురు ఆడవాళ్లు రాళ్లు పొదుగుతున్నారు. రాజేశ్వరి వాళ్లకు దూరంగా గోడకు ఆనుకుని ఖాళీగా కూర్చుంది. పదకొండేళ్లు ఇప్పుడు. రెండు రిబ్బన్లూ ఉన్నాయి.

"ఇది రాళ్లు ఏరదా?" అన్నాను.

సుగుణమ్మ చెయ్యి ఆగింది. "ఏరుతుండె సార్. మా అందరి కంటె మంచిగ ఏరుతుండె. మీ కాయిదం వచ్చినంక మా ఆయన వద్దన్నడు. తెలివి తక్కువ పిల్ల, ఖరాబు రాయి పెడితే సేటు తోని లొల్లి, అన్నడు."

ఏదైనా ఒక జోకు వేసి బయటపడటం నా అలవాటు. వెతికాను. దొరకలేదు.

బ్లాకులు కింద పరిచాను. రాజేశ్వరి ముందు అమ్మవైపు చూసింది. "ముట్టాల్నా?"

"ముట్టు బిడ్డా" అంది సుగుణమ్మ.

వాచీ జేబులోంచి తీయలేదు. అన్నిటికంటే కష్టమైన నమూనా చూపించాను. దొర్లించింది, చూసింది, పెట్టింది. ఎనిమిది. ఒకటి పక్కన. చేతులు ఒళ్లో.

"రాజేశ్వరీ, గదెందుకు పక్కకు పెట్టినవ్?"

రెండేళ్ల కింద అడగాల్సిన ప్రశ్న. వాచీ ఆగాక అడిగితే ఏ నియమమూ విరిగేది కాదు.

"ఖరాబున్నది సార్. అది పెడితే జోడీ మొత్తం వాపసొస్తది."

"మరి అప్పుడు నాకెందుకు చెప్పలే?"

"మీ సామాన్ గద సార్. మీకు తెల్వదా అనుకున్న."

సుగుణమ్మ ముఖం తిప్పుకుంది. నేను బ్లాకును నాణెం పరీక్షించేవాడిలా అటూ ఇటూ తిప్పాను, ఏదో ఒకటి చేయాలి కనుక.

"మంచిది తెస్తా, అప్పుడు పూర్తి చేద్దువు గాని."

"ఎప్పుడు తెస్తరు?"

"జల్దీ" అన్నాను.

ఈ పిల్ల మేధావి అని నేను చెప్పబోవడం లేదు. అలాంటి కథలు నాకూ వినబుద్ధవుతుంది, కానీ ఇది అది కాదు. మామూలు పిల్ల. లెక్కల్లో కాస్త మందం, నోటి దురుసు ఎక్కువ. మామూలు బడిలో మామూలు మార్కులతో కూర్చోవాల్సిన పిల్ల. నేను లాక్కున్నది అంతే. అంతే అనడం అలవాటు కొద్దీ అంటున్నాను.

నా వాక్యం

మేడమ్ ముందు బ్లాకు పెట్టి అంతా చెప్పాను. బియ్యపు గింజంత రంగు లేచిన చోట ఆమె వేలు పెట్టి చాలాసేపు ఉంచింది.

"మనం పుస్తకం ప్రకారమే చేశాం కదండీ" అంది. సమర్థించుకుంటున్నట్టు లేదు, భయపడినట్టు ఉంది. తర్వాత, "బీరువాలో ఎంతమంది పిల్లలవి ఉన్నాయండీ?"

"లెక్క చూడలేదు మేడమ్."

"చూడకండి ఇవాళ" అంది.

కొత్త రిపోర్టు ఇద్దరం కలిసి రాశాం. పరీక్ష ఆ పిల్లను కొలవలేదు, పాత ఫలితాన్ని రద్దు చేస్తున్నాం అని. పాతికేళ్ల అనుభవం ఉన్న మనిషి అలాంటి కాగితం మీద సంతకం పెట్టడం చూశాను. పెట్టి, కళ్లజోడు తుడుచుకుంది. ఆ తుడవడం కళ్లజోడు కోసమేనని ఇద్దరం అనుకున్నాం.

మూడు నెలల్లో బడికి నాలుగుసార్లు తిరిగాను. హెడ్మాస్టరు మర్యాదస్తుడు. ప్రతిసారీ మంచినీళ్లు ఇచ్చాడు. నాలుగోసారి ఫైలు తీసి నా ముందు పెట్టాడు.

"సార్, మీరే రాసిన్రు. చదువుండ్రి. రెండు పర్యాయములు ఒకే ఫలితము. పూర్తిగా నమ్మదగినది. ఇప్పుడేమో నమ్మొద్దంటున్నరు. మేం ఏ కాయిదం నమ్మాలె?"

"రెండోది సార్."

"రెండోది ఒక్కపారే గద చేసిన్రు? అది రెండుపార్లు చేసిన్రు." చల్లగా అన్నాడు. "పైగా పదకొండేండ్ల పిల్లను మూడో తరగతిల కూసోబెట్టాల్నా? ఇడిసిపెట్టుండ్రి సార్. అక్కడ మంచిగనే చూసుకుంటున్నరు గద."

నా వాక్యం నిజంగానే నమ్మదగినది. నేను కాదన్నా అది నిలబడింది.

కొత్తగా చేరేవాళ్లకు చెప్పాల్సినది ఇక్కడే ఉంది. ఒకే ఫలితం రెండుసార్లు వస్తే ముందు మిమ్మల్ని మీరు అనుమానించుకోండి. రెండుసార్లూ ఒకే చోట కూర్చున్నది మీరు కూడా. పిల్ల చేయలేకపోయింది అని రాసేముందు, వాచీ ఆపాక, ఎందుకలా చేశావని అడగండి. జవాబు మీ పుస్తకంలో ఉండదు. అయినా రాసుకోండి.

చివరిసారి బడి నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. కాలేదని చెప్పాలి. ఎలా చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను. సుగుణమ్మకు సగం చెప్పేసరికే అర్థమైంది. "పోనీ సార్, మీరేం చేస్తరు" అంది. ఆ మాట తిట్టయి ఉంటే బాగుండేది.

రాజేశ్వరి మా మాటలు వినడం లేదు. నా సంచీ వైపు చూస్తోంది.

"మంచిది తెచ్చిన్రా సార్?"

ఏమిటని అడగబోయి ఆగాను. గుర్తొచ్చింది. మూడు నెలలుగా ఆ పిల్ల ఎదురుచూస్తున్నది బడి కోసం కాదు. ఆ నమూనాలో ఒక గడి మిగిలిపోయింది.

సంచీలో పాత రిపోర్టు, కొత్త రిపోర్టు, అర్జీ, ఒక్కోదానికి మూడేసి జిరాక్సులు ఉన్నాయి. బ్లాకు లేదు.